మోటుపల్లి తీరమున అభయము
(గణపతిదేవ చక్రవర్తి చరిత్ర)

నంద్యాల పట్టణమునకు తూర్పున నల్లమల కొండలు పెట్టనికోటవలె నిలిచియున్నవి. ఆ కొండలలోని నంది కనుమను దాటినచో గిద్దలూరు చేరవచ్చును. అచ్చటినుండి కంభము, మార్కాపురము మీదుగా ఇంకను తూర్పునకు సాగినచో తుదకు సముద్రతీరము కానవచ్చును. ఆ తీరమున, నేటి బాపట్ల జిల్లాలో, మోటుపల్లి యను చిన్న గ్రామము కలదు. అది నేడొక సామాన్యమైన పల్లె. కాని సుమారు 780 సంవత్సరములకు పూర్వము అది ఆంధ్రదేశమునకు సముద్రద్వారము. దేశదేశముల నావలు అచ్చట లంగరు వేయుచుండెడివి.

కొండల కీవలనున్న మనకును, ఆ రేవునకును సంబంధ మేమని మీకు తోచవచ్చును. లోపలి సీమలలో నేసిన బట్టయైనను, గనిలో త్రవ్విన రత్నమైనను విదేశములకు పోవలెనన్నచో బండ్లమీదనో, పెరికెద్దులమీదనో ఏదో యొక రేవు చేరవలసినదే. మన బనగానపల్లె ప్రాంతము వజ్రపు గనులకు పూర్వము పేరుగాంచినది. రేవున న్యాయము లేనిచో నావ రాదు. నావ రానిచో లోపలి సీమలోని శ్రమజీవి కష్టమునకు వెల రాదు. ఈ సత్యమును గుర్తెరిగి, రేవునకు న్యాయమును ప్రసాదించిన ప్రభువు కాకతీయ గణపతిదేవ చక్రవర్తి. ఆతని చరిత్రము తెలిసికొనదగినది.

గణపతిదేవుడు మహాదేవునకును, బయ్యాంబకును జన్మించెను. అనుమకొండలో 1163వ సంవత్సరమున వేయి స్తంభముల గుడిని కట్టించిన రుద్రదేవుడు ఆతని పెదతండ్రి. ఆ కాలమున కాకతీయులకును, దేవగిరి యాదవులకును తీవ్రమైన వైరము కలదు. 1195 ప్రాంతమున యాదవులతో జరిగిన యుద్ధమున రుద్రదేవుడు మరణించెను. తరువాత రాజ్యమునకు వచ్చిన మహాదేవుడు అన్న మరణమునకు ప్రతీకారము తీర్చుకొనగోరి దేవగిరిపై దండెత్తెను. ఆ దండయాత్ర ఆతని ప్రాణములనే హరించెను. కుమారుడైన గణపతి శత్రువులకు చిక్కి బందీయయ్యెను.

బాలలారా! ఆ రాకుమారుని దుస్థితిని ఒక్కసారి ఊహింపుడు. తండ్రి లేడు. రాజ్యము దూరమున నున్నది. తన ప్రాణమును, తన వంశము యొక్క భవిష్యత్తును పరుల చేతిలో నున్నవి. తనను రక్షింపుమని అడుగుటకు ఆతనికి ఏ హక్కును లేదు. ఆతనిని బంధించియుంచిన యాదవరాజు జైతుగి తలచినచో ఏమైనను చేయగలడు. ఇచ్చట ఓరుగల్లు రాజ్యములో సామంతులు కొందరు తలలెత్తిరి. అట్టి సమయమున రేచర్ల రుద్రుడను సేనాని స్వామిభక్తితో రాజ్యమును కాపాడెను. పాలంపేటలో 1213వ సంవత్సరమున రామప్పగుడిని కట్టించినవాడు ఈ రుద్రుడే. 2021లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు పొందిన దేవాలయ మిదియే.

1199 ప్రాంతమున జైతుగి గణపతిని చెరనుండి విడిచి, స్వరాజ్యమునకు పంపివేసెను. శత్రువు చేతిలో చిక్కినవాడు శత్రువు దయవలననే మరల సింహాసన మెక్కుట చరిత్రలో అరుదు. ఆ దినమునుండి గణపతిదేవుడు సుమారు 63 సంవత్సరములు రాజ్యమేలెను.

రాజ్యమునకు వచ్చిన కొలది కాలమునకే గణపతిదేవుడు తూర్పుతీరముపై దృష్టి నిలిపెను. అప్పుడు తీరాంధ్రము అనేక చిన్న రాజ్యములుగా చీలియుండెను. 1201 ప్రాంతమున ఆతడు బెజవాడను వశపరచుకొనెను. పిమ్మట కృష్ణానది ముఖద్వారమున నున్న దివిసీమపై దండెత్తి, అచ్చటి అయ్య వంశపు ప్రభువును జయించెను. జయించినవారిని నిర్మూలించుట ఆతని రాజనీతి కాదు. ఆ వంశపు కన్యలైన నారాంబను, పేరాంబను వివాహమాడెను. వారి సోదరుడైన జాయపను తన కొలువున చేర్చుకొని గజసైన్యమునకు అధిపతిని గావించెను. ఆ జాయపసేనానియే తరువాత నృత్తరత్నావళి యను నాట్యశాస్త్ర గ్రంథమును రచించెను. నిన్నటి శత్రువును నేటి బంధువుగా మార్చుకొను నేర్పు గణపతిదేవునిది.

నెల్లూరి మనుమసిద్ధి దాయాదులచే రాజ్యభ్రష్టుడైనప్పుడు, ఆతని మంత్రియైన తిక్కన సోమయాజి ఓరుగల్లునకు వచ్చి గణపతిదేవుని సహాయము నర్థించెననియు, చక్రవర్తి సైన్యముతో తరలి మనుమసిద్ధిని మరల సింహాసనమున నిలిపెననియు ప్రాచీన గాథ కలదు. దక్షిణమున కడపసీమలోని వల్లూరును కేంద్రముగా జేసికొని కాయస్థ గంగయసాహిణి గణపతిదేవుని పక్షమున పాలించెను. ఈ విధముగా తెలంగాణము, తీరాంధ్రము, రాయలసీమలోని పెక్కు భాగములు ఒకే ఛత్రచ్ఛాయలోనికి వచ్చెను. ఆతని కాలమున సామంతులును, మంత్రులును గొప్ప చెరువులను త్రవ్వించిరి. రామప్ప చెరువు, పాకాల చెరువు నేటికిని పొలములకు నీరందించుచున్నవి.

కాని గణపతిదేవుని కీర్తిని దేశాంతరములకు గొనిపోయినది యుద్ధము కాదు, చెరువు కాదు. అది మోటుపల్లిలోని ఒక రాతిస్తంభము.

ఆ కాలపు సముద్రయానము మహా సాహసము. నావలకు గాలియే ఆధారము. ఒక దేశమునకు బయలుదేరిన నావ తుపానులో చిక్కి దారి తప్పి, మరియొక దేశపు తీరమున ఇసుకలో కూరుకొనవచ్చును; రాళ్లకు తగిలి పగులవచ్చును. అట్లు ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన నావలోని సరకు ఎవరిది? ప్రాణములతో మిగిలిన వర్తకునిదా? లేక ఆ తీరము నేలు రాజుదా?

పూర్వపు రాజులు పెక్కుమంది అది తమదే యనిరి. నావలోని బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు సమస్తమును బలిమితో గైకొనుచుండిరి. తడిసిన బట్టలతో ఒడ్డున నిలిచిన వర్తకుడు ఆ దేశమున పరదేశి. ఆతని భాష ఎవరికిని తెలియదు. ఆతని పక్షమున మాటాడు బంధువు లేడు. సముద్రము సగము దోచెను. తక్కిన సగము రాజు దోచెను.

ఈ దురాచారము మనదేశమునకే పరిమితము కాదు. ఐరోపాఖండములోని తీరప్రాంతముల ప్రభువులును పగిలిన నావలోని సరకు తమ హక్కుగా భావించుచుండిరి. అచ్చట ఈ దురాచారమును ఎదిరించుటకు ఒక ప్రాచీన శాస్త్రము తోడ్పడెను. అది రోమను న్యాయశాస్త్రము. కాన్‌స్టాంటినోపిలు నగరమున రాజ్యమేలిన జస్టీనియన్ చక్రవర్తి, 529 నుండి 534 వరకు, రోమనుల ప్రాచీన శాసనములను, న్యాయకోవిదుల అభిప్రాయములను గ్రంథములుగా కూర్పించెను. నావ ఒడ్డున బడినను సరకు యజమానునిదే యనియు, రాజు బొక్కసమునకు దానిపై హక్కు లేదనియు అందు స్పష్టముగా గలదు. ఆపదలోనున్న నావను దోచినవాడు దోచినదానికి నాలుగింతలు చెల్లింపవలెనని మరియొక విధి కలదు.

పశ్చిమ ఐరోపాలో ఆ గ్రంథములు చాల కాలము మరుగున బడియుండెను. 11వ శతాబ్దపు చివరను, 12వ శతాబ్దపు మొదటను ఇటలీలోని బొలోనా నగరమున ఇర్నేరియస్ అను పండితుడు వానిని పాఠముగా చెప్పసాగెను. దేశదేశముల విద్యార్థులు అచ్చట చేరిరి. చదువు ముగించిన వారు తమ పట్టణములకు మరలిపోయి న్యాయాధిపతులైరి, లేఖకులైరి. అంతకుముందు పట్టణములలో పెద్దల ఆచారమే న్యాయము. అది వ్రాతలో లేదు. ఇప్పుడు పట్టణములు తమ ధర్మములను వ్రాసికొనదొడగెను. పీసా యను రేవుపట్టణము 1160వ సంవత్సరమున రెండు ధర్మసంహితలను వ్రాయించెను. ఒకదానిలో రోమను శాస్త్రము ననుసరించు విధులు, రెండవదానిలో వర్తకుల, నావికుల ఆచారములు కలవు. జస్టీనియన్ గ్రంథము యొక్క అతి ప్రాచీనమైన ప్రతి యొకటి ఆ పీసాలోనే భద్రముగా నుండెను. 1406లో దానిని ఫ్లారెన్సు నగరమునకు గొనిపోయిరి. 1220లో ఫ్రెడరిక్ II చక్రవర్తి రోములో కిరీటము ధరించినప్పుడు, పగిలిన నావల సరకును యజమానులకే విడువవలెనని శాసించి, ఆ శాసనమును బొలోనా పండితులకు పంపెను.

ఐరోపావారికి రోమను శాస్త్రము ఎట్టిదో, మనకు మన ధర్మశాస్త్రములును, అర్థశాస్త్రమును అట్టివి. కౌటిల్యుని అర్థశాస్త్రములో రేవుల అధికారికి చెప్పిన ధర్మ మొకటి కలదు. గాలివానకు చిక్కి దెబ్బతిన్న నావను ఆతడు తండ్రివలె ఆదరింపవలెను. నీటిలో తడిసిన సరకునకు సుంకము మానవలెను, లేదా సగము మాత్రమే తీసికొనవలెను. ఈ గ్రంథమును రోమను గ్రంథములవలెనే చిరకాలము మరుగునబడి, 1905లో మైసూరున మరల వెలుగు చూచినది. ఇంకొక పోలికయు కలదు. ఇర్నేరియస్ బొలోనాలో పాఠములు చెప్పుచున్న కాలముననే, కల్యాణ నగరమున విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర యను వ్యాఖ్యానమును వ్రాసెను. గణపతిదేవుని కాలపువాడును, తిక్కన సోమయాజికి తన కావ్యము నంకిత మిచ్చినవాడును అగు కేతన, దానిని విజ్ఞానేశ్వరీయమను పేర తెలుగు పద్యములలోనికి తెచ్చెను. ప్రాచీన న్యాయము పండితుల భాషనుండి ప్రజల భాషలోనికి దిగివచ్చుచున్న కాలమది.

అయినను గ్రంథములో ధర్మ ముండుట వేరు, తీరమున ధర్మము నడచుట వేరు. గ్రంథములోని ధర్మమును తీరమునకు తెచ్చుటకు ఒక ప్రభువు తన స్వలాభమును విడువవలెను. ఆ పనిని గణపతిదేవుడు చేసెను.

శాలివాహన శకము 1166, అనగా క్రీస్తుశకము 1244-45వ సంవత్సరమున ఆతడు మోటుపల్లిలో శాసనస్తంభమును నాటించెను. దానికే అభయశాసనమని ప్రసిద్ధి. సకల ద్వీపములకును, దేశాంతరములకును, పట్టణములకును పోవుచు వచ్చుచుండు సముద్రవర్తకుల కందరకును ఆతడు అందులో అభయ మిచ్చెను. పూర్వరాజులు పగిలిన నావల సరకును బలిమితో గైకొనుచుండిరని దాచక చెప్పెను. సముద్రముపై సాహసించు వారికి ధనము ప్రాణములకంటెను ప్రియమైనదని తలచి, కీర్తిని ధర్మమును కోరి, కరుణతో ఆ సమస్తమును వారికే విడిచితినని ప్రకటించెను. కూపశుల్కమను నిర్ణయింపబడిన సుంకమును మాత్రము తీసికొందుననెను.

ఆ సుంక మెంత? ఎగుమతి దిగుమతులపై 30 పాళ్లలో ఒక పాలు. మంచిగంధము, కర్పూరము, ముత్యములు, పన్నీరు, దంతము, రాగి, పట్టునూలు, పగడములు, మిరియములు మొదలైన సరకులకు సుంకములు వేరువేరుగా శాసనములో చెక్కబడినవి. సుంకరి తన ఇచ్చవచ్చినట్లు అడుగుటకు వీలులేదు. వర్తకుడు దాచుటకును వీలులేదు. చదువ నేర్చినవా రెవరైనను స్తంభము దగ్గరకు పోయి తాను చెల్లింపవలసిన దెంతయో తెలిసికొనవచ్చును.

ఇందలి లెక్కను కొంచెము పరిశీలింతము. 3000 మాడల విలువగల సరకుతో ఒక నావ తీరమున పగిలినదనుకొనుడు. పాత పద్ధతిలో రాజునకు 3000 మాడలును దక్కును. క్రొత్త పద్ధతిలో దక్కునది 100 మాడలు మాత్రమే. ఒక్క నావను దోచినచో వచ్చు ధనము క్రొత్త పద్ధతిలో రావలెనన్నచో 30 నావలు క్షేమముగా రావలెను. తొందరపాటు గల రాజు మొదటిదే మేలనును. కాని దోచిన రేవునకు రెండవ నావ రాదు. నమ్మిన రేవునకు ఏటేట నావలు వచ్చును. నావతోపాటు వెల వచ్చును. వెలతోపాటు నేతగానికి, రైతునకు, గనిలోని కూలికి పని వచ్చును. ధర్మమును లాభమును విరోధులని కొందరు తలతురు. దూరదృష్టి గలవానికి అవి తోబుట్టువులు.

గణపతిదేవుని యౌవనమును మరల స్మరింతము. పరుల చేతిలో చిక్కి, రక్షింపుమని అడుగుటకైన హక్కు లేని స్థితి ఎట్టిదో ఆతనికి తెలియును. ఒడ్డున బడిన వర్తకుని స్థితియు అట్టిదే. బలవంతుడైన పరుని దయపై ఆధారపడియుండుట ఎంత బాధాకరమో అనుభవించిన ప్రభువు, తన తీరమున పరదేశి తన దయపై ఆధారపడనక్కరలేకుండ శాసనము నిచ్చెను. ఇందు ఒక విశేషము కలదు. దయ మనసు మారినచో మారును. రాతిపై వ్రాసిన మాట మారదు. రాజు ఆ మాటచే తన్ను తాను బంధించుకొనెను. పీసాలోని ధర్మసంహితకును, మోటుపల్లి స్తంభమునకును గల సామ్య మిదియే. రెండును వేరు మూలములనుండి పుట్టినవి. ఒకదాని నొకటి ఎరుగవు. అయినను బలవంతుని ఇచ్చకు మీదుగా వ్రాసిన న్యాయమును నిలుపుటే రెండింటి ప్రయోజనము.

గణపతిదేవుని చివరి దినములు సుఖముగా గడువలేదు. పాండ్యరాజు జటావర్మ సుందరపాండ్యుడు ఉత్తరమునకు దండెత్తి వచ్చెను. నెల్లూరు సమీపమున ముత్తుకూరువద్ద జరిగిన యుద్ధమున కాకతీయ సైన్యము ఓడిపోయెను. దక్షిణపు సీమలు కొన్ని చేజారెను. చక్రవర్తికి పుత్రులు లేరు. కుమార్తెయైన రుద్రమదేవిని ఆతడు తన జీవితకాలముననే పాలనలో భాగస్వామినిగా జేసెను. స్త్రీ సింహాసన మెక్కుటకు సమ్మతింపని సామంతులు లేకపోలేదు. ఆమె వారి నణచి, తండ్రి నిలిపిన రాజ్యమును నిలిపెను.

తండ్రి నాటిన అభయమునకు ఫలితము తరువాతి తరమున కనిపించినది. 13వ శతాబ్దపు చివర మనదేశపు తీరములకు వచ్చిన వెనిస్ నగర యాత్రికుడు మార్కోపోలో, మోటుపల్లి రాజ్యమును తన గ్రంథమున వర్ణించెను. న్యాయముతో పాలించిన రాణిని, సాలెగూటి వలె సన్ననైన వస్త్రములను, కొండలలో దొరకు వజ్రములను ఆతడు ప్రశంసించెను. ఆ రాణి రుద్రమదేవియే యని చరిత్రకారులు చెప్పుదురు. వర్తకులకు పుట్టినిల్లయిన వెనిస్ నుండి వచ్చినవాడు మన రేవును మెచ్చుట సామాన్యము కాదు.

కాకతీయ రాజ్యము 1323లో అంతరించెను. పాలకులు మారినప్పుడు రేవునకు మరల భయము కలుగుట సహజము. అందుచేత కొండవీటి రెడ్డిరాజు అనపోతారెడ్డి 1358లో అదే మోటుపల్లిలో వర్తకులకు మరల అభయశాసనము నిచ్చెను. అచ్చట నివసింప వచ్చినవారిని ఆదరించుటకును, వెళ్లగోరినవారిని నిర్బంధింపకుండుటకును అందు ఆతడు మాట యిచ్చెను. న్యాయము ఒకసారి వ్రాసినంతమాత్రమున శాశ్వతము కాదు. వచ్చిన ప్రతి తరమును దానిని మరల తనదిగా చేసికొనవలెను. ఐరోపాలోను ఇట్లే జరిగెను. చక్రవర్తి శాసించిన పిదపను తీరప్రభువులు కొందరు దోపిడి మానలేదు. రేవుపట్టణములు తమ వర్తకుల రక్షణకై మరల మరల హామీలు పొందవలసివచ్చెను.

నేడు నంది కనుమలో పెరికెద్దుల గంటలు వినిపింపవు. మోటుపల్లిలో విదేశపు నావల తెరచాపలు కనిపింపవు. గణపతిదేవుడు జయించిన రాజ్యము పోయినది. ఆతడు ఏలిన ఓరుగల్లు కోట శిథిలమైనది. కాని ఆతడు విడిచిపెట్టిన ధనము మాత్రము ఆతని కీర్తిగా మిగిలినది. తీసికొనగల శక్తి యుండియు తీసికొనక, ఆ మాటను అందరును చదువునట్లు రాతిపై చెక్కించినందువలననే ఆ ప్రభువు నామము సముద్రతీరమున నేటికిని నిలిచియున్నది.